రంగులరాట్నం తిప్పి బతకవచ్చా?

తిరునాళ్ళ వస్తే ఊరు ఊరంతా కదులుతుంది. తల్లులు చంటిపిల్లల్ని చంకనేసుకుని వస్తారు. ముసలమ్మలు కర్ర పట్టుకుని వస్తారు. రంగులరాట్నం తిరుగుతుంది. జీళ్ళు, పేలాలు, మిరపకాయ బజ్జీలు అమ్ముతారు. పిల్లవాడు రాట్నం ఎక్కి దిగుతాడు. మళ్ళీ ఎక్కుతానని ఏడుస్తాడు. తల్లి కొంగుముడి విప్పి ఇంకో ఇరవై రూపాయలు తీస్తుంది.

మూడు రోజులకు తిరునాళ్ళ అయిపోతుంది. రాట్నం వాళ్ళు లారీ ఎక్కి వెళ్ళిపోతారు. ఇక ఏడాది దాకా ఆ ఊళ్ళో ఆడవాళ్ళూ పిల్లలూ కలిసి కూర్చుని నవ్వుకునే చోటు ఉండదు. మగవాళ్ళకు టీ కొట్టు ఉంది, రచ్చబండ ఉంది. మిగిలినవాళ్ళకు ఇంట్లో టీవీ, చేతిలో సెల్‌ఫోను. అంతే.

ఇది చూసిన కొందరు ఆడవాళ్ళకు ఒక ఆలోచన వస్తుంది. “ఆ రాట్నమేదో మనమే పెడితే? ఆదివారం సంతకు జనం వస్తారు కదా. ఏడాదికి మూడు రోజులు కాదు, వారం వారం డబ్బులు వస్తాయి కదా!” పొదుపు సంఘం మీటింగులో ఈ మాట వస్తే అందరూ బాగుందనే అంటారు. ఆలోచన మంచిదే. అయితే లక్ష రూపాయలు అప్పు తెచ్చే ముందు ఒక సంగతి అడగాలి. రాట్నం వాళ్ళు మూడు రోజులకే ఎందుకు వెళ్ళిపోతున్నారు?

ఆ ఊరంటే ఇష్టం లేక కాదు. నాలుగో రోజు ఎక్కేవాళ్ళు ఉండరు. అందుకే వెళ్ళిపోతారు.

కిరాణా కొట్టుకు ఈ చిక్కు లేదు. నిన్న కొన్న పప్పు రేపటికి అయిపోతుంది. మళ్ళీ కొనక తప్పదు. వినోదం అలాంటి సరుకు కాదు. ఒకసారి చూసింది రెండోసారి చూడాలంటే పిల్లలకైనా సరదా తగ్గుతుంది. పట్నంలో లక్షల మంది ఉంటారు. ఇవాళ వచ్చినవాళ్ళు రేపు రాకపోయినా కొత్తవాళ్ళు వస్తారు. నాలుగు వందల గడపల ఊళ్ళో కొత్తవాళ్ళు ఎక్కడి నుంచి వస్తారు?

అందుకని చిన్న ఊళ్ళో ఈ వ్యాపారానికి రెండే దారులు. వచ్చినవాళ్ళకు ప్రతిసారీ కొత్తది చూపించాలి. లేదా వ్యాపారమే మూట కట్టుకుని కొత్త ఊరికి పోవాలి. ఈ రెండు పనులూ చేసి నిలబడిన కుటుంబం ఒకటి తెలుగునాట ఉంది.

సురభి వాళ్ళ కథ

కడప జిల్లాలో సురభి అని ఒక చిన్న ఊరు ఉంది. 1885లో ఆ ఊళ్ళో ‘కీచక వధ’ అనే నాటకం ఆడారు. ఆడించినది వనారస గోవిందరావు. వాళ్ళ పెద్దలు తోలుబొమ్మలాట ఆడేవాళ్ళు. తెర వెనక బొమ్మల్ని ఆడించిన కుటుంబం తెర ముందుకు వచ్చి తానే వేషం కట్టింది. ఊరి పేరే ఆ నాటక సమాజానికి పేరయింది.

ఆ రోజుల్లో నాటకాల్లో ద్రౌపది వేషం కూడా మగవాళ్ళే వేసేవాళ్ళు. సురభి వాళ్ళు అలా చేయలేదు. ఇంట్లో ఆడవాళ్ళే ఆడవేషాలు వేశారు. అప్పట్లో అది చిన్న ధైర్యం కాదు. తల్లి వేషం కట్టేది. తండ్రి హార్మోనియం వాయించేవాడు. అన్న తెరలు లాగేవాడు. పసిపిల్లలు బాలకృష్ణుడి వేషం వేసేవాళ్ళు. జీతాలిచ్చి బయటివాళ్ళను పెట్టుకోవలసిన పని అంతగా ఉండేది కాదు. కుటుంబం పెరిగి, ఒక సమాజం అనేక సమాజాలయింది.

వాళ్ళు ఒక్క నాటకంతో బతకలేదు. ఇవాళ ‘మాయాబజార్’, రేపు ‘బాలనాగమ్మ’, ఎల్లుండి ‘లవకుశ’. రంగు రంగుల తెరలు, ఆకాశంలో ఎగిరే మనుషులు, ఉన్నట్టుండి లేచే మంటలు! పది రోజులు వచ్చినవాళ్ళకు పది రకాల వినోదం. ఊళ్ళో చూసేవాళ్ళు తగ్గగానే సామాను కట్టుకుని ఇంకో ఊరు వెళ్ళేవాళ్ళు. అక్కడ ఆ పాత నాటకమే మళ్ళీ కొత్త నాటకం.

తరవాత సినిమా వచ్చింది. ఆపైన టీవీ వచ్చింది. సురభి సమాజాలు చాలా మూతపడ్డాయి. అయినా కొన్ని నిలబడ్డాయి. 2013లో సురభి నాటక సమాజం పెద్ద రేకందార్ నాగేశ్వరరావుకు పద్మశ్రీ వచ్చింది. ఆయన్ని అందరూ సురభి బాబ్జీ అంటారు.

సురభికి దెబ్బ తగిలిన తీరులో కూడా తెలుసుకోవలసింది ఉంది. 1980ల్లో చాలా ఊళ్ళలో వీడియో పార్లర్లు వెలిశాయి. ఒక గది, ఒక టీవీ, ఒక వీసీఆర్. రూపాయో రెండో ఇచ్చి జనం సినిమా చూసేవాళ్ళు. ఇంటింటికీ టీవీ, దాని వెనక కేబులు రాగానే ఆ గదులకు తాళాలు పడ్డాయి. ఇంట్లో ఊరికే దొరికేదాన్ని డబ్బిచ్చి కొనుక్కోవడానికి ఎవరూ బయటికి రారు. ఇప్పుడు సెల్‌ఫోనులో సినిమా ఉంది, పాట ఉంది, ఆట కూడా ఉంది. మరి ఫోనులో లేనిది ఏమిటి? ఒళ్ళు అలిసేలా ఎగరడం లేదు. ఉయ్యాల ఊగడం లేదు. పదిమంది పిల్లలతో కలిసి కేకలు పెట్టడం లేదు. వేడి వేడి బజ్జీ లేదు. చిన్న ఊళ్ళో అమ్ముడుపోయేది అదే.

పైగా తెర కట్టి సినిమా వేసి టిక్కెట్టు పెడదామంటే సినిమా హక్కులున్నవాళ్ళ అనుమతి కావాలి. ఫోనులో దొరికింది కదా అని వేస్తే కేసవుతుంది.

ఒక లెక్క వేసి చూద్దాం

గాలి నింపితే ఇల్లంత లేచి నిలబడే పెద్ద బొమ్మ ఒకటి వస్తోంది. పిల్లలు దాని లోపలికి వెళ్ళి ఎగురుతారు. దీన్ని జంపింగ్ అంటారు. ఒక అక్క లక్ష రూపాయలు అప్పు చేసి దాన్ని కొన్నదనుకుందాం. నూటికి నెలకు రూపాయి వడ్డీ. మూడేళ్ళలో తీర్చాలి. నెలకు వాయిదా సుమారు 3,300 రూపాయలు అవుతుంది.

ఊళ్ళో ఎగిరే వయసు పిల్లలు 250 మంది ఉన్నారనుకుందాం. టిక్కెట్టు 20 రూపాయలు. మొదటి ఆదివారం 150 మంది ఎక్కారు. 3,000 రూపాయలు వచ్చాయి. అక్క ఇంట్లో పండగే! రెండో ఆదివారం 90 మంది వచ్చారు. మూడో ఆదివారం 50 మంది. నాలుగో ఆదివారం 40 మంది. నెల మొత్తానికి 330 టిక్కెట్లు, 6,600 రూపాయలు.

ఖర్చు చూద్దాం. తోడు మనిషికి కూలి 400, కరెంటుకు 200, స్థలానికి 100, చిల్లర ఖర్చు 100. రోజుకు 800. నాలుగు ఆదివారాలకు 3,200. మిగిలింది 3,400. వాయిదా 3,300 కడితే చేతిలో మిగిలేది వంద రూపాయలు. ఆమె ఒంటి కష్టానికి ఇంకా కూలి వెయ్యలేదు.

రెండో నెల ఇంకా కష్టం. కొత్తదనం పోయింది. వారానికి 40 మందే వస్తే నెలకు 3,200 రూపాయలు. ఖర్చూ 3,200. వాయిదా ఎక్కడి నుంచి కడుతుంది? చెవుల కమ్మలు తాకట్టు పెట్టాలి.

మొదటి రోజు జనాన్ని చూసి అప్పు చేసినవాళ్ళు మునిగేది ఇక్కడే.

అందుకే కొనే ముందు అద్దెకు తెచ్చి చూడాలి. రోజుకు 2,000 అద్దె అనుకుందాం. రెండు ఆదివారాలు పెట్టింది. 4,800 వచ్చాయి. ఖర్చు 1,600, అద్దె 4,000. నష్టం 800 రూపాయలు. ఊళ్ళోవాళ్ళు నవ్వుతారు. నవ్వనీ. 800 రూపాయలతో ఆమెకు ఒక సంగతి తెలిసింది. 150 మంది 90కి దిగారు. లక్ష రూపాయల అప్పు మెడకు చుట్టుకోకుండానే ఇది తెలిసింది.

ఇప్పుడు రెండో దారి చూద్దాం. ఇద్దరు అక్కలు కలిసి లక్ష అప్పుతో బొమ్మ కొన్నారు. చుట్టుపక్కల సంత జరిగే ఎనిమిది ఊళ్ళు ఎంచుకున్నారు. వారానికి రెండు సంతలు. ఒక్కో ఊరికి నెలకు ఒకసారే వెళతారు. నెలకోసారే వస్తుంది కాబట్టి పిల్లలు ఎదురుచూస్తారు. 120 మంది ఎక్కారనుకుంటే రోజుకు 2,400. ఖర్చు 800కి తోడు ఆటో బాడుగ 600 కలపాలి. రోజుకు 1,000 మిగులుతుంది. ఎనిమిది రోజులకు 8,000. వాయిదా పోను 4,700. ఇద్దరికీ పంచితే మనిషికి 2,350. ఎనిమిది రోజుల పనికి ఇది కూలి కన్నా గొప్పేమీ కాదు. నిజం చెప్పుకోవాలి కదా.

దీనికి తోడు మొక్కజొన్న పేలాలు వేయించి అమ్మారనుకుందాం. పది రూపాయల పొట్లాలు 60 పోయినా 600. సరుకు ఖర్చు 250 పోను 350 మిగులుతుంది. ఎనిమిది రోజులకు 2,800. ఇప్పుడు ఇద్దరి చేతికీ కలిపి 7,500 వస్తుంది. పిల్లలు ఎగిరే పది నిమిషాలూ తల్లి ఊరికే నిలబడదు. కూర్చోవడానికి ఒక బల్ల, తాగడానికి టీ, చల్లగా నీళ్ళు ఉంటే అక్కడే ఉంటుంది. పక్క ఊరి చెల్లెలు కనిపిస్తే గంట సేపు కూర్చుంటుంది. ఆట వల్ల జనం వస్తారు. అయితే చాలాసార్లు వ్యాపారాన్ని నిలబెట్టేది ఆ పక్కనున్న పొయ్యి.

ఈ అంకెలు ఒక ఊరివి కావు. లెక్క ఎలా వెయ్యాలో చూపడానికి వేసినవి. ఎవరి ఊళ్ళో పిల్లల్ని వాళ్ళు లెక్కపెట్టుకోవాలి. అంగన్‌వాడీలో ఎంతమంది, బడిలో ఎంతమంది అని అడిగితే తెలిసిపోతుంది. వానాకాలం మూడు నెలలు తీసెయ్యాలి. పత్తి అమ్మిన నెలలో డబ్బు ఆడుతుంది. నాట్లకు అప్పు తెచ్చిన నెలలో ఆడదు. వడ్డీకి మాత్రం వాన లేదు, ఎండ లేదు.

అప్పు కావాలంటే సంఘం ద్వారా బ్యాంకు ఉంది, స్త్రీనిధి ఉంది. 2015లో వచ్చిన ముద్ర పథకంలో 50,000 రూపాయల లోపు అప్పును ‘శిశు’ అంటారు. దానికి ఆస్తి తాకట్టు అడగకూడదు. వారం వారం వసూలు చేసే ప్రైవేటు వడ్డీ దగ్గర తెచ్చి మాత్రం ఈ వ్యాపారం పెట్టకూడదు. వారం వారం వడ్డీ కట్టేంత రాబడి దీనికి ఉండదు.

పిల్లల ప్రాణం

కిరాణా కొట్టులో తప్పు జరిగితే సరుకు పోతుంది. ఇక్కడ తప్పు జరిగితే పిల్లలు పోతారు.

2021 డిసెంబరులో ఆస్ట్రేలియా దేశంలోని టాస్మానియా దీవిలో ఒక బడిలో పిల్లల పండగ జరిగింది. గాలిబొమ్మలో పిల్లలు ఎగురుతున్నారు. ఒక్కసారిగా గాలి వీచింది. బొమ్మ పిల్లలతో సహా పైకి లేచిపోయింది. ఆరుగురు పిల్లలు చనిపోయారు. అంత పెద్ద బొమ్మ లోపల ఉండేది గాలే. గాలి పటంలా లేచిపోగలదు.

కాబట్టి బొమ్మకు ఎన్ని కొక్కేలు ఉంటే అన్నిటికీ తాడు కట్టాలి. పొడుగాటి ఇనప మేకులు నేలలోకి లోతుగా దిగ్గొట్టాలి. ఇసుక నేలలో, దున్నిన నేలలో మేకు నిలవదు. అలాంటి చోట పెట్టకూడదు. దుమ్ము లేస్తున్నా, చెట్ల కొమ్మలు ఊగుతున్నా పిల్లల్ని దింపెయ్యాలి. డబ్బు వెనక్కి ఇచ్చెయ్యాలి. గాలి కొట్టే మిషను ఆగితే బొమ్మ పిల్లల మీదికి కూలుతుంది. అందుకని మనిషి ఎప్పుడూ దగ్గరే ఉండాలి. మూడేళ్ళ పిల్లల్నీ పన్నెండేళ్ళ పిల్లల్నీ ఒకేసారి పంపకూడదు. పెద్దవాళ్ళు ఎగిరి చిన్నవాళ్ళ మీద పడతారు.

రంగులరాట్నమైతే ఇంకో భయం. చున్నీ, చీర కొంగు, విరబోసుకున్న జుట్టు తిరిగే ఇరుసులో చుట్టుకుంటాయి. ఎక్కే ముందే కొంగు దోపుకోమని, చున్నీ తీసి తల్లికి ఇమ్మని చెప్పాలి. ఇరుసు చుట్టూ రేకు మూత ఉండాలి. బోల్టులు, గొలుసులు పొద్దున్నే ఒక్కొక్కటీ చేత్తో పట్టుకుని చూడాలి. నిన్న బాగుంది కదా అనుకోకూడదు.

2024 మే 25న గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో పిల్లలూ పెద్దలూ ఆడుకునే ఒక ఆటల షెడ్డు తగలబడింది. ఇరవై ఏడు మంది చనిపోయారు. వాళ్ళలో పిల్లలున్నారు. వేసవి సెలవులు, టిక్కెట్టు ధర తగ్గించారు, జనం నిండిపోయారు. ఆ షెడ్డుకు ఫైరు వాళ్ళ అనుమతి లేదని తరవాత బయటపడింది. చిన్న ఊళ్ళో కట్టే టార్పాలిను పందిరి కూడా అలాగే అంటుకుంటుంది. బజ్జీల పొయ్యి ఆటకు దూరంగా ఉండాలి. లోపలికి ఒక దారి, బయటికి ఇంకో దారి ఉండాలి. రెండు బకెట్ల ఇసుక, రెండు బకెట్ల నీళ్ళు దగ్గరుంచాలి. కరెంటు మంట మీద మాత్రం నీళ్ళు పొయ్యకూడదు. ముందు మెయిను తీసెయ్యాలి, తరవాత ఇసుక చల్లాలి.

కరెంటు స్తంభానికి కొక్కెం తగిలించి వాడేవాళ్ళు ఉన్నారు. తడినేల, ఇనప రాట్నం, చెప్పుల్లేని పిల్లలు. ఇంతకంటే ప్రమాదం ఇంకొకటి లేదు. కరెంటు ఆఫీసులో అర్జీ పెడితే తాత్కాలిక మీటరు ఇస్తారు. షాకు తగలగానే తానే పడిపోయే స్విచ్చి ఒకటి దొరుకుతుంది. అది పెట్టించుకోవాలి.

గ్యాసు బుడగల సంగతి కూడా చెప్పాలి. కొందరు కాస్టిక్ సోడా, అల్యూమినియం ముక్కలు కలిపి పాత సిలిండరులో గ్యాసు తయారు చేస్తారు. అది నిప్పు తగిలితే భగ్గుమంటుంది. ఆ సిలిండర్లు పేలి మనుషులు చచ్చిపోయారు. అలాంటి బుడగలవాణ్ణి పక్కన కూడా పెట్టుకోకూడదు. నోటితో, పంపుతో ఊదే బుడగలు చాలు.

అందరూ తెలిసినవాళ్ళే

చిన్న ఊళ్ళో ఇంకో చిక్కు ఉంది. పట్నంలో టిక్కెట్టు అడిగితే ఇస్తారు. ఊళ్ళో “ఏమే వదినా, మా పిల్లకు కూడా టిక్కెట్టా?” అంటారు. అత్తగారి వైపు పిల్లలు, పుట్టింటి వైపు పిల్లలు, సర్పంచి గారి మనవడు. అందర్నీ ఊరికే ఎక్కిస్తే సాయంత్రానికి డబ్బా ఖాళీ. కాదంటే మాట పోతుంది. కొందరు దీనికి ఒక ఉపాయం చేస్తారు. మొదటి అరగంట ఊళ్ళో పిల్లలందరికీ ఊరికే అని చెప్పి, ఆ తరవాత ఎవరైనా సరే టిక్కెట్టు అంటారు. తన పిల్లకు కూడా తానే టిక్కెట్టు కొని డబ్బాలో వేస్తే ఇంకెవరూ అడగరు.

వరుస ఒక్కటే ఉండాలి. ఊళ్ళో పిల్లలూ వాడలో పిల్లలూ ఆ వరుసలోనే నిలబడాలి. “మా వాణ్ణి ముందు ఎక్కించు, వాళ్ళతో కలిపి వద్దు” అని ఎవరైనా అంటే ఒప్పుకోకూడదు. ఒక్కసారి ఒప్పుకుంటే సగం ఊరు మళ్ళీ రాదు. రాకపోవడమే న్యాయం కూడా. డబ్బుల్లేక దూరంగా నిలబడి చూసే పిల్లలు ఎప్పుడూ ఉంటారు. జనం పలచబడిన చివరి పది నిమిషాలు వాళ్ళవి అనుకుంటే పోయేదేమీ లేదు.

డబ్బు పందేలు, అంకెల చక్రాలు, లక్కీ డ్రాలు పక్కన పెడతామని కొందరు వస్తారు. ఎక్కువ అద్దె ఇస్తామంటారు. అవి జూదం కిందికి వస్తాయి. పోలీసులు వస్తారు. తాగినవాళ్ళు చేరతారు. ఆ తరవాత ఆడవాళ్ళు పిల్లల్ని తీసుకుని రావడం మానేస్తారు. మైకు పెట్టుకోవాలంటే పోలీసుస్టేషనులో అనుమతి తీసుకోవాలి. రాత్రి పది దాటితే మైకు వెయ్యకూడదు. స్థలానికి పంచాయతీలో అర్జీ రాసి ఇవ్వాలి. రసీదు తెచ్చుకోవాలి. నోటిమాట మీద స్థలం తీసుకుంటే సర్పంచి మారగానే మాట కూడా మారుతుంది.

ఇంట్లో పిల్లలు సాయం చేస్తామంటారు. సెలవు రోజు టిక్కెట్లు చింపనివ్వచ్చు. బడి మానిపించి కూర్చోబెట్టకూడదు. ఇక డబ్బుల డబ్బా. అది ఎవరి దగ్గర ఉండాలో మొదటి రోజే తేల్చుకోవాలి. రాట్నం తిప్పేది ఆమె, డబ్బా మోసేది ఆయన అయితే ఆ డబ్బులు ఇల్లు చేరతాయో లేదో చెప్పలేం. అప్పు ఎవరి పేరున ఉందో డబ్బా కూడా వాళ్ళ దగ్గరే ఉండాలి. ఇద్దరు అక్కలు కలిసి చేస్తే ఇద్దరి ఎదుటే డబ్బా తెరిచి లెక్కపెట్టాలి.

లెక్కకు ఒక నోటుబుక్కు చాలు. అయిదు గీతలు కొడితే ఆరు గళ్ళు వస్తాయి. తేదీ, ఊరి పేరు, ఎన్ని టిక్కెట్లు, ఎంత వచ్చింది, ఎంత ఖర్చు, ఎంత మిగిలింది. ఆ రోజుది ఆ రోజే రాయాలి. మూడు నెలలు రాశాక పేజీలు తిప్పితే ఏ ఊళ్ళో టిక్కెట్లు తగ్గుతున్నాయో, ఏ ఊరికి రెండు నెలలు ఆగి వెళ్ళాలో కనిపిస్తుంది. బ్యాంకు మేనేజరు అడిగినా, సంఘం అడిగినా ఆ పుస్తకమే చూపాలి. వాన పడి ఆట పెట్టని రోజు కూడా వదలకూడదు. తేదీ వేసి, ఊరి పేరు రాసి, ‘వాన. టిక్కెట్లు సున్నా. ఆటో బాడుగ 600’ అని రాయాలి.